చిన్న పబ్లిషర్‌తో పుస్తకం అగ్రిమెంట్: సంతకం పెట్టేదాకా ఏం జరిగిందంటే (నా అనుభవం)

నాది గుంటూరు. పదేళ్ళ నుంచీ పత్రికల్లో కథలు రాస్తున్నా. పుస్తకం వేద్దామని విజయవాడలో ఒక చిన్న పబ్లిషర్ ఆగస్టు చివర్లో ఫోన్ చేశారు. అగ్రిమెంట్ మీద సంతకం అయ్యింది నవంబర్ 14న. ఈ మధ్యలో జరిగింది రాద్దామని ఎందుకు అనిపించిందంటే, నాకు అవసరమైనప్పుడు ఎవర్ని అడిగినా "ఆ ఏముందండీ, అందరూ పెట్టేదే, పెట్టేయండి" అన్నారు తప్ప లోపల ఏం రాసుంటుందో ఒక్కళ్ళూ చెప్పలేదు. చాలామంది అసలు చదవకుండానే పెట్టారట. పబ్లిషర్ పేరు రాయను, ఆయన మంచి మనిషే, గొడవ మనిషితో కాదు.

ఫోన్‌లో ఆయన చెప్పింది: 14 కథలు, డెమ్మీ సైజు, 160 పేజీలు, 500 కాపీలు, వెల 200 రూపాయలు, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి స్టాల్లో ఉండాలి. "ఖర్చంతా మాదే అమ్మా, మీరు రూపాయి పెట్టక్కర్లేదు" అన్నారు. ఆ రోజు నాకు అన్నం కూడా సరిగ్గా దిగలేదు సంతోషంతో. మా అత్తగారైతే వీధిలో నలుగురికీ చెప్పేశారు. రెండు రోజులకి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది, ఇంగ్లీషులో నాలుగు పేజీలు, కింద "వారంలో సంతకం చేసి పంపండి, డీటీపీ మొదలుపెట్టేస్తాం" అని మెసేజ్ (డీటీపీ అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చడం).

మొదటిసారి చదివినప్పుడు నా కళ్ళు ఒక్క దాని మీదే ఉన్నాయి, రాయల్టీ (అమ్మిన పుస్తకాల మీద రచయితకి వచ్చే వాటా) ఎంత అని. 10 శాతం. బాగానే ఉందే అనిపించింది. రెండోసారి నింపాదిగా చదివితే అది అట్ట మీది వెల మీద 10 శాతం కాదు, "నికర రాబడి" మీద. నికర రాబడి అంటే షాపు వాళ్ళ డిస్కౌంటు, ట్రాన్స్‌పోర్టు, "ఇతర ఖర్చులు" పోగా మిగిలింది అని రాశారు. ఆ ఇతర ఖర్చులేంటో ఎక్కడా లేదు. తర్వాతి పేజీలో ఇంకోటి, పుస్తకం రాగానే రచయిత 30 శాతం తగ్గింపు మీద 200 కాపీలు కొనాలి. ఇంకా కింద ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు), కాపీరైట్ పనులకి 5,000 రూపాయలు రచయిత కట్టాలి. రూపాయి పెట్టక్కర్లేదు అన్న మాట చెవిలో ఇంకా అలాగే ఉంది, కాగితం మీద మాత్రం 140 చొప్పున 200 కాపీలకి 28,000, ఈ 5,000 కలిపితే 33,000 అవుతోంది.

ఆ రాత్రి మా ఆయనకి చూపించా. ఆయన "డబ్బు సంగతి ఎలాగో సర్దుదాం గానీ మిగతాది నీకు అర్థమయ్యిందా" అన్నారు. అత్తగారు "వాళ్ళంతట వాళ్ళు వేస్తామన్నదే గొప్ప, ఇప్పుడు అదీ ఇదీ అడిగితే మానేస్తారేమో" అన్నారు. నాకూ లోపల ఉన్న భయం అదే. పది చోట్లకి పంపితే జవాబే రాని రోజులు చూశాక, పిలిచి వేస్తామన్న మనిషిని ప్రశ్నలు అడగాలంటే నోరు రాదు. ఆశ పడుతున్నా అనుకుంటారేమో, పొగరు అనుకుంటారేమో అని.

వారం గడువు అన్నారు కదా, ఇంట్లో పెద్దాయనకి చూపించి చెప్తానండీ అని మెసేజ్ పెట్టి, సెప్టెంబర్ మొదటి వారంలో విజయవాడ వెళ్ళా. గవర్నర్‌పేట వైపు ప్రెస్సులున్నాయి కదా, ఒకదానిలో నా పుస్తకమే అని చెప్పకుండా కొటేషన్ అడిగా. 160 పేజీలు, అంటే వాళ్ళ లెక్కలో పది ఫారాలు (ఫారం అంటే 16 పేజీలు), 70 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్‌లిథో కాగితం, కవర్ 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు లామినేషన్‌తో, పర్ఫెక్ట్ బైండింగ్, 500 కాపీలు, పేపర్‌తో కలిపి 42,000 అన్నారు. డీటీపీ పేజీకి 40 చొప్పున 6,400. కవర్ ఆర్టిస్టుకి ఒక 4,000 వేసుకోండి అన్నారు. మొత్తం 52,400. అందులో 33,000 నా చేతి నుంచే వెళ్తోందన్న మాట. ఇది తెలిశాక నాకు కోపం రాలేదు నిజానికి, కొంచెం ధైర్యం వచ్చింది. సగం పైన డబ్బు నాదైనప్పుడు నాలుగు ప్రశ్నలు అడగడానికి మొహమాటం ఎందుకు అనిపించింది. తిరుగు బస్సులో మంగళగిరి దాటేదాకా ఫోన్‌లో కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చున్నా.

ఆ లెక్క ఇక్కడ రాస్తా, ఎందుకంటే నా బుర్రలో బల్బు వెలిగింది అక్కడే. 500లో నేను కొనే 200 మీద రాయల్టీ లేదు (అదీ అగ్రిమెంట్లో ఉంది), నాకు ఉచితంగా ఇచ్చేవి 10, సమీక్షలకి పత్రికలకి పంపేవి 25, పోగా మిగిలింది 265. షాపు వాళ్ళు 40 శాతం తీసుకుంటే పబ్లిషర్ చేతికొచ్చేది పుస్తకానికి 120, అందులో 10 శాతం అంటే 12 రూపాయలు. మొత్తం అమ్ముడుపోయినా 3,180. అదే వెల మీద 10 శాతం అయితే పుస్తకానికి 20, మొత్తం 5,300. అంటే నేను రోజుల తరబడి రాయల్టీ రాయల్టీ అని మథనపడిన దాని విలువ 2,120 రూపాయలు. దానికోసం అడగొద్దని కాదు, అడిగా. కానీ అసలు చూడాల్సింది ఇంకోచోట ఉందని అప్పుడు అర్థమయ్యింది.

ఆ ఇంకోచోటు చూపించింది మా పెదనాన్న గారి అల్లుడు, బావగారు. గుంటూరులోనే లాయరు. ఆయన ఎక్కువ చూసేవి పొలం కేసులే, కానీ కాపీరైట్ చట్టం తెరిచి పక్కన పెట్టుకుని లైన్ లైన్ చదివారు. మొదటి పేజీలో ఒక వాక్యం మీద పెన్ను పెట్టి "ఇది చదివావా అమ్మా" అన్నారు. రచయిత తన రచనలోని అన్ని హక్కులూ, ఇప్పుడున్న, ముందుముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో, అన్ని భాషల్లో, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం పబ్లిషర్‌కి బదిలీ చేస్తున్నారు అని ఉంది. నేను చదివా గానీ ఇలాంటి కాగితాల్లో ఉండే మామూలు మాటలే అనుకుని ముందుకెళ్ళిపోయా. కాపీరైట్ ఉన్నంతకాలం అంటే మన దగ్గర రచయిత బతికున్నంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు. మా పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. అది ముసలిదయ్యాక కూడా వాళ్ళమ్మ కథ ఎక్కడైనా వేసుకోవాలంటే ఎవరినో అడగాలి. 500 కాపీల పుస్తకానికి.

ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా పనికొచ్చినవి చెప్తా. 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 19 అని ఉంది, హక్కులు రాసివ్వడం ఎలా ఉండాలో అందులోనే ఉంటుంది. నోటి మాట చెల్లదు, రాతలో ఉండాలి, హక్కుదారు సంతకం ఉండాలి, ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, డబ్బెంత అన్నీ రాయాలి. కాలం రాయకపోతే ఐదేళ్ళే అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. రాసిచ్చిన హక్కుని తీసుకున్నవాళ్ళు ఏడాదిలోపు వాడకపోతే ఆ హక్కు మేరకు రద్దయిపోతుంది, అగ్రిమెంట్లో వేరేగా రాసుకుంటే తప్ప. 2012లో చేసిన సవరణ ప్రకారం అప్పటికి లేని, వాడకంలోకి రాని మాధ్యమం ఏదైనా ఉంటే దాని పేరు పెట్టి రాస్తేనే బదిలీ అవుతుంది, ఊరికే అన్ని మాధ్యమాలు అంటే కుదరదు. ఇవి విన్నాక నాకు కొంచెం ఊపిరి ఆడింది, చట్టం మన వైపే ఉందే అని. అప్పుడాయన మూడో పేజీ చివర చిన్న అక్షరాల్లో ఉన్న లైన్ చూపించారు. సెక్షన్ 19(4) ఈ ఒప్పందానికి వర్తించదు అని. అంటే ఏడాదిలో వాడకపోతే వెనక్కి వస్తుంది అన్న ఆ ఒక్క రక్షణనీ అక్కడ తీసేశారు. నంబర్ తప్ప ఇంకేం రాయలేదు కాబట్టి చట్టం తెరిచి చూస్తే తప్ప ఎవరికీ తెలియదు.

ఆ లైన్ చూసినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. మోసం అని కాదు. బావగారే అన్నారు, ఇది ఎక్కడో పెద్ద కంపెనీ నమూనా దించుకున్నట్టుంది, ఆయనకీ ఆ లైన్ ఏంటో తెలిసుండదు అని. కానీ సంతకం పెట్టేశాక తెలిసిందా లేదా అని ఎవరూ అడగరు కదా.

ఇంకొకటి నేను అస్సలు ఊహించనిది. ఈ కథలన్నీ నావే, వీటి మీద ఎవరికీ ఏ హక్కూ లేదు, తేడా వస్తే నష్టమంతా రచయితే భరించాలి అని ఒక హామీ క్లాజు ఉంది. పత్రికలో వచ్చినంత మాత్రాన కథ పత్రికది అయిపోదు, ఉద్యోగంలో భాగంగా రాస్తే వేరు గానీ బయటి రచయితలది రచయితదే. కానీ పోటీల సంగతి చూసుకోవాలి అన్నారు బావగారు. ఇంటికొచ్చి 14 కథలకీ ఎక్కడ, ఎప్పుడు వచ్చిందో పాత కటింగులు తీసి రాసుకుంటే, ఒక కథ పోటీకి పంపింది, ఆ ప్రకటనలో బహుమతి కథల మీద సర్వహక్కులూ నిర్వాహకులవే అని ఉంది. నేను దాని మీద ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు కాబట్టి అది నిలబడదేమో అన్నారు బావగారు, అయినా ఎందుకొచ్చిన తలనొప్పి, మెయిల్‌లో అనుమతి అడిగి తీసుకో అన్నారు. అడిగా. జవాబు రావడానికి మూడు వారాల పైనే పట్టింది, వచ్చింది మాత్రం మంచి జవాబే, మొదట ఎక్కడ వచ్చిందో పేరు వేస్తే చాలన్నారు. మీరు పుస్తకం వేద్దాం అనుకుంటే ఈ పని అందరికంటే ముందు చేసుకోండి.

సెప్టెంబర్ మూడో వారంలో నేను అడగాలనుకున్నవన్నీ తెలుగులో ఒక పేజీ రాసి పంపా. బావగారు లాయర్ నోటీసులా వద్దు, నువ్వే రాయి, ప్రతిదానికీ ఎందుకు అడుగుతున్నావో ఒక లైన్ రాయి అన్నారు. పంపాక బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. రెండు వారాలు. దసరా వచ్చి వెళ్ళింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు కష్టమైంది ఆ రెండు వారాలే. ఫోన్ మోగితే గుండె దడ. అత్తగారు ఏమీ అనలేదు గానీ, ఆ చూపు నాకు తెలుసు. ఒకరోజు రాత్రి "అన్నీ వదిలేయండి సార్, సంతకం పెడతా" అని మెసేజ్ టైప్ చేసి కూడా పెట్టుకున్నా. మా ఆయన చూసి, పొద్దున పంపు అన్నారు. పొద్దున పంపాలనిపించలేదు.

దసరా తర్వాత ఆయనే ఫోన్ చేశారు. "పండగ సీజను, బాకీల వసూళ్ళు, తీరిక లేదమ్మా. ఒకసారి రండి, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. ఏలూరు రోడ్డుకి దగ్గర్లో మేడ మీద రెండు గదుల ఆఫీసు, మెట్ల మీద దాకా పుస్తకాల కట్టలే. టీ తెప్పించి నా పేజీ ప్రింట్ తీసి ముందు పెట్టుకున్నారు. మొదటి మాట "ఇన్నేళ్ళలో నన్ను ఇవి అడిగింది మీరేనమ్మా" అన్నారు. మెచ్చుకోలో నిష్ఠూరమో అర్థం కాలేదు. తర్వాత వాళ్ళ వైపు లెక్క చెప్పారు. షాపులకి పంపిన పుస్తకానికి డబ్బు ఆరు నెలలకి వస్తే వచ్చినట్టు, కొన్ని నలిగిపోయి తిరిగొస్తాయి, గోడౌన్ అద్దె ఉంది, మొదటి పుస్తకం రచయితకి తెలిసినవాళ్ళు కొంటే తప్ప పేపర్ డబ్బులు కూడా రావు. ఆ 200 కాపీల క్లాజు అందుకే పెట్టానన్నారు. నమ్మా నేను. నమ్మాను కాబట్టే బేరం సాఫీగా సాగింది.

200 కాపీలు 100 అయ్యాయి, తగ్గింపు 30 నుంచి 40 శాతానికి పెంచారు. 120 చొప్పున 12,000. షాపు వాడికి ఇచ్చే రేటే నాకూ ఇవ్వండి అన్నా, అది ఆయనకి న్యాయంగా అనిపించింది. ఐఎస్‌బీఎన్ డబ్బు ఎత్తేశారు, మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితమే, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వాళ్ళు ఆన్‌లైన్‌లోనే ఇస్తారు, అది చూపించా. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకోవాలంటే ఒక్కో సాహిత్య రచనకి ఫీజు 500, అది నేను చూసుకుంటా అన్నా. రాయల్టీ వెల మీద 10 శాతం ఇవ్వలేనన్నారు, చివరికి వెల మీద 8 దగ్గర కుదిరింది. 16 రూపాయలు. నికర రాబడి అన్న మాటే కాగితంలో లేకుండా పోయింది, నాకు అదే కావాల్సింది, ఎన్ని అమ్మారు అన్న ఒక్క సంఖ్య తెలిస్తే ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. పన్నులు రాయల్టీలోంచి తగ్గిస్తాం అని ఒక లైన్ ఉండేది, రాయల్టీ మీద జీఎస్టీ రివర్స్ చార్జ్ (ఇచ్చినవాళ్ళ బదులు తీసుకున్నవాళ్ళే పన్ను కట్టే పద్ధతి) కింద పబ్లిషరే కట్టాలి కాబట్టి జీఎస్టీ మినహా అని మార్పించా. వాళ్ళ ఆడిటర్‌కి అక్కడే ఫోన్ చేసి అడిగి సరే అన్నారు.

హక్కుల దగ్గరికొచ్చేసరికి నా గొంతు వణికింది. మీకు తెలుగులో అచ్చు పుస్తకం హక్కు ఇస్తా సార్, ఐదేళ్ళకి, మిగతావి నా దగ్గరే ఉంటాయి అన్నా. ఆయన చాలాసేపు కాగితం చూసి "ఆడియో, సినిమా అంటే మేము చేసేది ఏమీ లేదులే అమ్మా, కాకపోతే రేపు మా పుస్తకం చూసే ఎవరైనా వస్తే" అన్నారు. అది న్యాయమైన మాటే. వాళ్ళ ద్వారా వచ్చిన సినిమా, వెబ్ సిరీస్ ఒప్పందం ఏదైనా కుదిరితే అందులో 10 శాతం వాళ్ళకి, కానీ ఒప్పుకోవాలా వద్దా అన్నది నాది, అలా రాసుకున్నాం. ఈబుక్ హక్కు ఇచ్చా, ఏడాదిలోపు తేకపోతే నాకు వెనక్కి. 19(4) లైన్ గురించి అడిగితే, బావగారు చెప్పినట్టే ఆయనకీ తెలియదు. చదివి వినిపిస్తే వెంటనే కొట్టేశారు పెన్నుతో. ఐదేళ్ళలోపు స్టాకు అయిపోయి, నేను రాతలో అడిగాక ఆరు నెలల్లో మళ్ళీ వేయకపోతే అచ్చు హక్కు కూడా వెనక్కి వస్తుంది.

ఒప్పుకోనివీ ఉన్నాయి. అడ్వాన్సు ఇవ్వలేనన్నారు. స్టాకు రిజిస్టరు చూసే హక్కు అడిగితే మొహం మారింది, "నమ్మకం లేకపోతే ఎలాగమ్మా" అన్నారు, దాన్ని ఇంకా లాగలేదు. బదులుగా ఏటా జూన్ 30లోపు అచ్చేసినవి ఎన్ని, అమ్మినవి ఎన్ని, ఉచితంగా ఇచ్చినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అని నాలుగు అంకెల స్టేట్‌మెంటు పంపాలి అని రాయించా. తర్వాతి పుస్తకం ముందు వాళ్ళకే చూపించాలన్న క్లాజు ఉంచారు, 60 రోజుల్లో చెప్పకపోతే నా ఇష్టం అని గడువు పెట్టించా.

మార్చిన డ్రాఫ్టు దీపావళి దాటాక వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చదివా, చదవాలి కూడా, ఎందుకంటే మొదటి పేజీలో ఐదేళ్ళు అని మార్చారు గానీ నాలుగో పేజీలో ఒప్పందం ముగిసినా హక్కులు కొనసాగుతాయి అన్న పాత లైన్ అలాగే ఉండిపోయింది. ఫోన్ చేస్తే డీటీపీ అబ్బాయి చూసుకోలేదన్నారు, సాయంత్రానికి తీసేసి పంపారు. నవంబర్ 14న వంద రూపాయల స్టాంపు పేపరు మీద రెండు ప్రతులు, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు, ఒకటి నాకు. ఒరిజినల్ మీ దగ్గర కూడా ఉండాలి, జెరాక్స్ ఇస్తామంటే ఒప్పుకోకండి.

ఒక విషయం మాత్రం చివరి నిమిషంలో గుర్తొచ్చి చేత్తో రాయించా, అది ఇప్పుడు చూస్తే ఎంత ముఖ్యమో. నేను కథలన్నీ యూనికోడ్‌లో (ఫోన్లో, కంప్యూటర్లో ఎక్కడైనా తెరుచుకునే తెలుగు) టైప్ చేసి ఇచ్చా. వాళ్ళు పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) పెట్టడానికి అను ఫాంట్స్‌లోకి (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) మార్చారు. మారేటప్పుడు కొన్నిచోట్ల వత్తులు ఎగిరిపోయాయి, డిసెంబరంతా ప్రూఫులు దిద్దడమే సరిపోయింది. దిద్దిన తప్పులన్నీ ఆ అను ఫైల్లోనే ఉన్నాయి, నా దగ్గరున్న యూనికోడ్ ఫైల్లో లేవు. ఐదేళ్ళ తర్వాత హక్కు వెనక్కొచ్చినా సరైన పాఠం నా దగ్గర లేకపోతే మళ్ళీ 160 పేజీలు టైపే. ప్రింటుకి వెళ్ళిన పీడీఎఫ్‌తో పాటు దిద్దిన పాఠం యూనికోడ్‌లో నెల లోపు ఇవ్వాలి అని సంతకం రోజే రాసుకోవడం మంచిదైంది. పీడీఎఫ్ వచ్చింది, యూనికోడ్ ఫైలు పోయిన వారం వచ్చింది, ఐదు కథల వరకు అచ్చుతో పోల్చి చూశా, బాగానే ఉంది.

పుస్తకం జనవరిలో పుస్తక మహోత్సవానికి వచ్చింది, మొదటి రోజుకి అందలేదు, నాలుగైదు రోజులు ఆలస్యమైంది. నేను కొన్న వందలో దాదాపు సగం చుట్టాలు, స్కూల్లో తోటి టీచర్లే తీసుకున్నారు. వాళ్ళ దగ్గర స్టాల్లో ఎన్ని పోయాయో అడగలేదు, జూన్ 30కి వచ్చే కాగితంలో ఆ నాలుగు అంకెలూ ఉండాలి. వచ్చాక, రాకపోతే రాలేదని, అదీ రాస్తా.